టిప్స్ షంట్ వేయించుకున్నాక కిడ్నీలు కోలుకుంటున్నాయో లేదో ఎలా చూసుకోవాలి

టిప్స్ షంట్ అంటే లివర్ దగ్గర పెరిగిన ప్రెషర్ తగ్గించడానికి రక్తానికి వేసే పక్కదారి. దాని గురించి లివర్ సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) పేషెంట్ల ఇంట్లోవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి రెండే ప్రశ్నలు, రెండూ క్రియాటినిన్ గురించే, అంటే కిడ్నీ పని తగ్గితే పెరిగే రక్తపరీక్ష నంబరు. షంట్ వేయకముందు "క్రియాటినిన్ ఎక్కువుంది కదా, ఇప్పుడు షంట్ వేస్తే కిడ్నీలు ఇంకా పాడైపోతాయా?" అని. వేసిన పది రోజులకి "క్రియాటినిన్ అక్కడే ఉంది, అంటే షంట్ పనిచేయట్లేదా?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట పెడితే పనికొస్తుందని రాస్తున్నా. ముందే చెప్పేది ఏంటంటే షంట్ తర్వాత కిడ్నీల పరిస్థితి ఒక్క రిపోర్టులో ఒక్క నంబరు చూసి తేల్చేది కాదు. బరువు, మూత్రం, బీపీ, సోడియం, క్రియాటినిన్ ఈ ఐదింటినీ పక్కపక్కన రాసుకుని కొన్ని వారాలు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది, ఆ రాసుకోవడం డాక్టర్ చేసే పని కాదు, ఇంట్లో మీరు చేయాల్సింది.

కొంచెమే థియరీ చెప్తా. సిర్రోసిస్‌లో లివర్ గట్టిపడి, పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే పోర్టల్ వెయిన్‌లో ప్రెషర్ పెరుగుతుంది, పేగుల చుట్టూ ఉన్న రక్తనాళాలు వెడల్పయ్యి రక్తం అక్కడే ఎక్కువగా ఉండిపోతుంది. దాంతో ఒంట్లో రక్తం తక్కువుందని కిడ్నీలు అనుకుని ఉప్పునీ నీటినీ బయటికి వదలకుండా పట్టేసుకుంటాయి, వాటికి వెళ్ళే రక్తనాళాలు కూడా బిగుసుకుంటాయి. పొట్టలో నీరు చేరడం, మూత్రం తగ్గడం, క్రియాటినిన్ పెరగడం అన్నీ దీని నుంచే వస్తాయి. టిప్స్‌లో మెడ దగ్గరి జుగులర్ వెయిన్ నుంచి లోపలికి వెళ్ళి లివర్ మధ్యలోంచి హెపాటిక్ వెయిన్‌కీ (లివర్ నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్ళే నాళం) పోర్టల్ వెయిన్‌కీ మధ్య దారి చేసి స్టెంట్ (చిన్న గొట్టం) పెడతారు. ప్రెషర్ ఆ రోజే తగ్గుతుంది. కానీ కిడ్నీలని బిగించి ఉంచిన హార్మోన్లు సర్దుకోవడానికి వారాలు పడుతుంది, చాలామందికి ఉప్పు మూత్రంలో పోవడం మొదటి నెలలో మొదలై తర్వాత నెలల్లో ఇంకా మెరుగవుతుంది. పది రోజులకే నిరాశపడొద్దని చెప్పేది అందుకే.

ఇంకోటి, ఆపరేషన్ చేసి వేసే షంట్లు వేరు. స్ప్లీన్ రక్తనాళాన్ని కిడ్నీ రక్తనాళానికి కలిపే డిస్టల్ స్ప్లీనోరీనల్ షంట్ లాంటివి రక్తపు వాంతులు ఆపడానికి చేస్తారు, పొట్టలో నీటికి అవి పనికిరావు, కొందరికి నీరు పెరుగుతుంది కూడా. ఇక్కడ రాసేదంతా టిప్స్ గురించే.

ఏమేం కావాలి

- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకున్నా పర్లేదు కానీ అందరికీ అందుబాటులో ఉండే నోట్‌బుక్కే మేలు
- డిజిటల్ బరువు మెషిన్, ఎప్పుడూ అదే మెషిన్, గట్టి నేల మీద ఒకే చోట
- మూత్రం కొలవడానికి గీతలున్న జగ్గు
- బీపీ మెషిన్, థర్మామీటర్
- గత ఆరు నెలల రక్తపరీక్ష రిపోర్టులన్నీ, తేదీల వారీగా
- వాడుతున్న మందులన్నిటి లిస్టు. "అన్నీ" అంటే షాపులో అడిగి కొన్న నొప్పి మాత్రలు, పొడులు, కషాయాలు కూడా
- వీలైతే ఎప్పుడూ ఒకే ల్యాబ్. మెషిన్ మారితే క్రియాటినిన్‌లో 0.1, 0.2 తేడా ఊరికే వస్తుంది, అది చూసి రాత్రంతా నిద్రపోనివాళ్ళు ఉన్నారు

1. షంట్‌కి ముందే కిడ్నీల అసలు లెవెల్ రాసిపెట్టుకోండి

గత మూడు నెలల్లో, పేషెంట్ కాస్త నిలకడగా ఉన్న రోజుల్లో, అంటే రక్తపు వాంతులు, ఇన్ఫెక్షన్, విరేచనాలు లేనప్పుడు చేయించిన క్రియాటినిన్ ఎంతో చూసి నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాయండి. తర్వాత పెరిగిందా తగ్గిందా అనేది దీంతోనే పోల్చాలి, ల్యాబ్ వాళ్ళు పక్కన ప్రింట్ చేసే నార్మల్ రేంజ్‌తో కాదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. క్రియాటినిన్ కండరాల్లోంచి వచ్చేది. సిర్రోసిస్‌లో కండ కరిగిపోయి చేతులు సన్నబడి ఉంటాయి, కాబట్టి క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. అలాంటి మనిషికి రిపోర్టులో 1.0 అని నార్మల్‌గా కనిపించినా లోపల కిడ్నీ సగం పనే చేస్తుండొచ్చు, ఆడవాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. కామెర్లు బాగా ఉన్నప్పుడు బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) వల్ల కొన్ని రకాల ల్యాబ్ పద్ధతుల్లో క్రియాటినిన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అందుకని కండ బాగా తగ్గిన పేషెంట్ అయితే సిస్టాటిన్ సి అనే పరీక్ష చేయించొచ్చా అని డాక్టర్‌ని అడగండి, అది కండ మీద అంతగా ఆధారపడదు. అది కుదరకపోయినా పర్లేదు, "క్రియాటినిన్ నార్మల్, కిడ్నీలు సూపర్" అని మాత్రం అనుకోవద్దు.

రిపోర్టు మైక్రోమోల్స్‌లో ఉంటే 88.4తో భాగిస్తే మిల్లీగ్రాముల్లోకి వస్తుంది. 140 అని చూసి హడలిపోకండి, అది సుమారు 1.6.

2. కిడ్నీ సమస్య లివర్ వల్లనా, కిడ్నీ సొంత జబ్బా తేల్చుకోండి

షంట్ బాగు చేయగలిగేది లివర్ ప్రెషర్ వల్ల దెబ్బతిన్న కిడ్నీనే. షుగర్ వల్లో, ఏళ్ళ తరబడి ఉన్న బీపీ వల్లో, హెపటైటిస్ వైరస్ వల్ల ఫిల్టర్లు వాచిపోవడం వల్లో కిడ్నీ పాడైతే షంట్ దాన్ని వెనక్కి తేలేదు. ఇది ముందే తెలిస్తే తర్వాత ఎంత ఆశపడాలో తెలుస్తుంది.

దీనికి పెద్ద పరీక్షలేం అక్కర్లేదు, మామూలు మూత్ర పరీక్ష, కిడ్నీల అల్ట్రాసౌండ్ చాలావరకు చెప్పేస్తాయి. మూత్రంలో ప్రోటీన్ రోజుకి 500 మిల్లీగ్రాములు దాటి పోతున్నా, మైక్రోస్కోప్‌లో ఒక ఫీల్డ్‌కి 50కి పైగా ఎర్ర కణాలు ఉన్నా, స్కాన్‌లో కిడ్నీలు చిన్నగా కుంచించుకుపోయి కనిపించినా కిడ్నీకి సొంత జబ్బు ఉందని అనుమానించాలి. అప్పుడు కిడ్నీ డాక్టర్ కూడా చూసి అభిప్రాయం చెప్పాకే షంట్ సంగతి తేల్చాలని నా గట్టి అభిప్రాయం. ఇప్పటికే డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి షంట్ వల్ల నీరు తగ్గే అవకాశం తక్కువ, అమ్మోనియా తలకెక్కే (రక్తంలో పెరిగి మెదడుని మత్తుగా చేసే) ప్రమాదం ఎక్కువ, ఆ నిర్ణయం బాగా ఆలోచించి తీసుకునేది.

3. షంట్ చేసే ముందు డాక్టర్‌ని అడగాల్సినవి

మెల్డ్ స్కోర్ ఎంతో అడగండి. బిలిరుబిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష), క్రియాటినిన్ ఈ మూడూ కలిపి లెక్కేసేది అది, తర్వాత సోడియం కూడా చేర్చారు. అందరూ దాన్ని ట్రాన్స్‌ప్లాంట్ స్కోర్ అనుకుంటారు గానీ అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు 2000లో దాన్ని తయారు చేసింది టిప్స్ తర్వాత ఎవరు బతుకుతారు, ఎవరికి ప్రమాదం అని అంచనా వేయడానికే. అందులో కిడ్నీ నంబరు ఉండటమే చెప్తోంది కిడ్నీ ఎంత ముఖ్యమో. ఎమర్జెన్సీ కాకుండా ప్లాన్ చేసి వేసే షంట్‌కి మెల్డ్ 18 దాటితే మొదటి మూడు నెలల్లో ప్రమాదం పెరుగుతుందని సాధారణంగా లెక్క. అయితే ఒక తిరకాసు ఉంది. ఒకే స్కోర్ 19 ఒకరికి బిలిరుబిన్ వల్ల రావొచ్చు, ఇంకొకరికి క్రియాటినిన్ వల్ల రావొచ్చు. బిలిరుబిన్ వల్ల వస్తే లివర్‌లో సత్తువ అయిపోయిందని అర్థం, షంట్‌తో లివర్‌కి వెళ్ళే రక్తం ఇంకా తగ్గి పరిస్థితి దిగజారొచ్చు. క్రియాటినిన్ వల్ల వచ్చిందనుకోండి, అది లివర్ ప్రెషర్ వల్ల పెరిగిందే అయితే షంట్ తర్వాత తగ్గే నంబరే అది. కాబట్టి "స్కోర్ ఎంత" అని అడిగి ఊరుకోకుండా "ఏది వల్ల పెరిగింది" అని కూడా అడగండి.

రెండోది గుండె. షంట్ వేయగానే పేగుల దగ్గర ఆగిపోయిన రక్తమంతా ఒక్కసారిగా గుండెకి వస్తుంది. గుండె తట్టుకోలేకపోతే ఊపిరాడదు, కాళ్ళు వాస్తాయి, కిడ్నీలు బాగుపడాల్సింది పోయి ఇంకా దెబ్బతింటాయి. ఎకో పరీక్ష (గుండె స్కాన్) చేయకుండా షంట్‌కి ఒప్పుకోవద్దు, గుండె పంపింగ్ ఒక్కటే కాదు, గుండె సరిగా వదులవుతోందా, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ ఎంతుందో కూడా ఎకోలో చూశారా అని అడగండి. ప్రాణం మీదకొచ్చిన రక్తస్రావంలో ఎమర్జెన్సీగా వేసేటప్పుడు ఇవన్నీ చూసే టైం ఉండదు, అది వేరే సంగతి.

మూడోది, ఇంతకుముందు మత్తుగా, గందరగోళంగా అయ్యారా అనేది దాచకుండా చెప్పండి. కిడ్నీ పనితనం తక్కువున్నవాళ్ళకి షంట్ తర్వాత ఆ సమస్య వచ్చే అవకాశం ఎక్కువ.

షంట్ వల్ల లాభం ఎంత అని అడిగేవాళ్ళకి ఒక లెక్క చెప్తా. మాటిమాటికీ పొట్టలోంచి నీరు తీయించుకునే పేషెంట్ల మీద ఫ్రాన్స్‌లో చేసి 2017లో ప్రచురించిన స్టడీలో కవర్డ్ స్టెంట్ (పొర తొడిగిన స్టెంట్) వేయించుకున్నవాళ్ళలో ఏడాదికి ట్రాన్స్‌ప్లాంట్ లేకుండా బతికున్నది 93 శాతం, నీరు తీయించుకుంటూ ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్) ఎక్కించుకున్నవాళ్ళలో 52 శాతం. చాలా పెద్ద తేడానే. కానీ వాళ్ళు జాగ్రత్తగా ఎంపిక చేసిన పేషెంట్లు, లివర్ మరీ పాడైనవాళ్ళూ క్రియాటినిన్ బాగా పెరిగినవాళ్ళూ అందులో లేరు. ఆ 93ని మీ ఇంట్లో మనిషికి నేరుగా అతికించుకోవద్దు.

4. షంట్‌కి ముందు వారం

కిడ్నీకి దెబ్బ కొట్టే మందులు ఆపించాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సిర్రోసిస్‌లో అసలు ఎప్పుడూ వేసుకోకూడదు, ఒక్కటి కూడా. కిడ్నీకి వెళ్ళే రక్తనాళాలు ఇప్పటికే బిగుసుకుని ఉంటే వాటిని కాస్త తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్లు, ఈ మాత్రలు వాటినే ఆపేస్తాయి. మోకాలి నొప్పికనో నడుం నొప్పికనో ఇంట్లో ఎవరో ఇచ్చిన మాత్రతో క్రియాటినిన్ పెరగడం చాలా మామూలుగా జరిగే విషయం. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చు, రోజు మొత్తానికి 2 గ్రాములు దాటకుండా, అదీ డాక్టర్‌కి చెప్పి. బీపీ మాత్రల్లో పేరు చివర "ప్రిల్" అనో "సార్టాన్" అనో ఉంటే తప్పకుండా చూపించండి. అమికాసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు వేయబోతుంటే లివర్ పేషెంట్ అని గుర్తు చేయండి.

జ్వరం, పొట్ట నొప్పి ఉంటే పొట్ట నీరు పరీక్ష చేయించాలి. న్యూట్రోఫిల్ కణాలు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) 250 దాటితే అది ఇన్ఫెక్షన్, దాన్ని తగ్గించాకే షంట్. ఒకేసారి 5 లీటర్ల కంటే ఎక్కువ నీరు తీస్తే లీటరుకి 8 గ్రాముల చొప్పున ఆల్బుమిన్ ఎక్కిస్తారు, అది లేకుండా తీయించుకుంటే కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది, ఖర్చని మానేయొద్దు.

షంట్ వేసేటప్పుడు ఎక్స్‌రేలో రక్తనాళాలు కనపడటానికి వాడే డై కూడా కిడ్నీకి భారమే. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్ళకి కొన్ని ఫొటోలకి డై బదులు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వాడే వీలుంది, మీ సెంటర్‌లో చేస్తారా అని అడిగితే తప్పేం లేదు.

5. షంట్ వేశాక ఆసుపత్రిలో ఉన్న రోజులు

ఈ మూడు నాలుగు రోజుల్లో క్రియాటినిన్ కొంచెం పెరగొచ్చు. డై వల్ల కావొచ్చు, ముందు రోజు నీరు తీయడం వల్ల కావొచ్చు, ఖాళీ కడుపుతో ఉంచడం వల్ల కావొచ్చు. గీత ఎక్కడ గీయాలంటే 48 గంటల్లో 0.3 పెరిగినా, లేక ఏడు రోజుల్లో మీ మొదటి పేజీ నంబరు కంటే సగం పెరిగినా దాన్ని కిడ్నీకి హఠాత్తుగా తగిలిన దెబ్బగా లెక్కేస్తారు, కారణం వెతకాలి. అంతకంటే తక్కువ ఊగిసలాటకి కంగారు పడక్కర్లేదు.

మూత్రం గంటకి కిలో బరువుకి అర మిల్లీలీటరు కంటే తగ్గకూడదు. 60 కిలోల మనిషికి గంటకి 30, అంటే రోజుకి సుమారు 700 మిల్లీలీటర్లు. జగ్గుతో కొలవండి, "వెళ్తున్నారు లెండి" అని నర్సుకి చెప్పడం కొలత కాదు. బీపీ పైది 90 కంటే తగ్గినా, గుండె దడ పెరిగినా, పొట్ట హఠాత్తుగా నొప్పెట్టినా లోపల రక్తస్రావం ఉందేమో చూస్తారు, వెంటనే చెప్పండి. మూత్రం ముదురు రంగులోకి మారి కామెర్లు పెరిగితే అది కూడా చెప్పాలి, కొత్త స్టెంట్ గుండా పోయేటప్పుడు కొందరికి ఎర్ర రక్తకణాలు చితుకుతాయి.

6. ఇంటికొచ్చాక మూత్రం మాత్రలు, అసలు జాగ్రత్త ఇక్కడే

ఎక్కువమంది దెబ్బతినేది ఈ స్టెప్‌లోనే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

షంట్‌కి ముందు స్పైరోనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్ అనే మూత్రం మాత్రలు పెద్ద డోసుల్లో నడుస్తుంటాయి. షంట్ తర్వాత కిడ్నీ తనంతట తానే ఉప్పు వదలడం మొదలుపెడుతుంది. డోసు మాత్రం పాత చీటీలో ఉన్నట్టే వేస్తూ పోతారు. రెండూ కలిసి ఒంట్లో నీరంతా లాగేస్తాయి, పొట్ట చక్కగా తగ్గిందని ఇంట్లో అందరూ సంతోషిస్తుంటారు, లోపల క్రియాటినిన్ ఎగబాకుతూ ఉంటుంది. దీనికి వ్యతిరేకంగా చేసేవాళ్ళూ ఉన్నారు, షంట్ వేశారు కదా ఇంకెందుకని మొదటి వారమే అన్నీ ఆపేస్తారు, నీరు మళ్ళీ నిండుతుంది, షంట్ దండగ అనుకుంటారు. మామూలుగా జరగాల్సింది ఏంటంటే మాత్రలు కొనసాగుతూ, బరువునీ రక్తపరీక్షనీ చూస్తూ డాక్టర్ మెల్లగా తగ్గిస్తూ పోతారు. డిశ్చార్జ్ రోజే అడిగి రాయించుకోండి: బరువు ఎంత తగ్గితే ఫోన్ చేయాలి, ఏ మాత్ర ముందు తగ్గిస్తారు అని.

బరువు రోజూ పొద్దున లేచి మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, తేలికపాటి బట్టల్లో చూడండి. కాళ్ళ వాపు లేనివాళ్ళకి రోజుకి అర కిలో, వాపు ఉన్నవాళ్ళకి ఒక కిలో వరకు తగ్గితే ఒళ్ళు తట్టుకుంటుంది. రెండు మూడు రోజులు వరసగా అంతకంటే ఎక్కువ తగ్గుతుంటే, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతుంటే, నాలుక పొడిగా ఉంటే అదే రోజు ఫోన్ చేయండి.

సోడియం 125 కంటే తగ్గినా, క్రియాటినిన్ పైన చెప్పిన గీత దాటినా, మత్తుగా అవుతున్నా మామూలుగా మూత్రం మాత్రలు ఆపిస్తారు. పొటాషియం పెరిగితే స్పైరోనోలాక్టోన్, బాగా తగ్గితే ఫ్యూరోసెమైడ్ ఆపుతారు. ఇవి మీరే ఇంట్లో చేసుకోమని చెప్పట్లేదు, ఫోన్ చేసినప్పుడు డాక్టర్ ఏం చెప్తున్నారో అర్థమవ్వాలని చెప్తున్నా. బీటా బ్లాకర్ మాత్ర (రక్తపు వాంతులు రాకుండా వేసేది) ఇంకా వేసుకుంటున్నారా, అది కూడా అడగండి, షంట్ పనిచేస్తుంటే చాలామందికి దాని అవసరం ఉండదు, బీపీ తక్కువున్నవాళ్ళకి కిడ్నీ మీద భారం కూడా.

తిండి దగ్గర మూడు విషయాలు. ఉప్పు మొత్తం రోజుకి 5, 6 గ్రాముల లోపు, ఒక టీస్పూన్ అనుకోండి, ప్యాకెట్ తిండిలో ఉండేది కూడా కలిపి. "లో సోడియం ఉప్పు" అని అమ్మేదాన్ని మాత్రం కొనొద్దు, అందులో సోడియం బదులు ఉండేది పొటాషియం, స్పైరోనోలాక్టోన్‌తో కలిస్తే గుండె ఆగే దాకా పోవొచ్చు. నీళ్ళు తగ్గించడం సోడియం బాగా పడిపోయినవాళ్ళకే, డాక్టర్ చెప్తేనే. పొట్టలో నీరు తాగిన నీళ్ళ వల్లే వస్తుందని దాహంతో మాడ్చొద్దు. క్రియాటినిన్ పెరిగిందని ప్రోటీన్ తగ్గించడం ఇంకో పెద్ద పొరపాటు, సిర్రోసిస్ పేషెంట్‌కి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి, పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి. ఇక్కడ బరువు అంటే పొట్టలో నీరు తీసేసి లెక్కేసే బరువు.

7. లాక్టులోజ్ సరిగ్గా వాడండి

షంట్ తర్వాత పేగుల్లోంచి రక్తం లివర్‌ని తప్పించుకుని నేరుగా పోతుంది కాబట్టి అమ్మోనియా మెదడుకి ఎక్కే ప్రమాదం పెరుగుతుంది, మొదటి ఏడాదిలో సుమారు మూడో వంతు నుంచి సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. రిఫాక్సిమిన్ అనే పేగుల యాంటీబయాటిక్ షంట్‌కి రెండు వారాల ముందు మొదలుపెట్టి తర్వాత ఆరు నెలలు వాడితే ఇది తగ్గుతుందని ఫ్రాన్స్‌లోనే చేసిన ఇంకో స్టడీలో తేలింది, మీ డాక్టర్‌తో మాట్లాడండి.

కిడ్నీకీ దీనికీ సంబంధం ఏంటంటే లాక్టులోజ్ (విరేచనం చేయించి అమ్మోనియా తగ్గించే సిరప్) డోసు. రోజుకి రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అవ్వాలి, అంతే. ఆరేడు సార్లు నీళ్ళలా అవుతుంటే "అమ్మోనియా పోతోంది, మంచిదే" అనుకుని అదే డోసు పోస్తూ ఉంటారు. అప్పుడు ఒంట్లో నీరు పోతుంది, సోడియం అటూ ఇటూ అవుతుంది, కిడ్నీ దెబ్బతింటుంది, కిడ్నీ దెబ్బతిన్నాక మత్తు ఇంకా పెరుగుతుంది, మత్తు పెరిగిందని లాక్టులోజ్ ఇంకా పోస్తారు. ఈ వలయంలో ఇరుక్కుని ఐసీయూ దాకా వెళ్తారు. నోట్‌బుక్‌లో విరేచనాల సంఖ్యకి ఒక గడి పెట్టండి. రెండు కంటే తక్కువైతే డోసు కొంచెం పెంచడం, మూడు దాటితే తగ్గించడం, ఎంతెంత అనేది ముందే రాయించుకోండి.

మత్తుని ఇంట్లోనే కనిపెట్టడానికి రోజూ ఒక వాక్యం రాయించి, తేదీ వేసి సంతకం చేయించండి. గీతలు వంకర పోతుంటే, పగలు నిద్ర రాత్రి మెలకువ అవుతుంటే, చేతులు చాపితే మణికట్టు దగ్గర రెక్కలు కొట్టుకున్నట్టు ఊగుతుంటే అది మొదలైనట్టే.

8. రక్తపరీక్షలు ఎప్పుడు, ఎలా చదవాలి

డిశ్చార్జ్ తర్వాత మొదటి వారంలో ఒకటి, తర్వాత మొదటి నెలంతా వారానికో రెండు వారాలకో ఒకటి, తర్వాత మూడు నెలల దాకా నెలకొకటి చాలామందికి సరిపోతుంది, మీ డాక్టర్ చెప్పిన తేదీలే లెక్క. క్రియాటినిన్, యూరియా, సోడియం, పొటాషియం, బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్ అన్నీ ఒకేసారి చేయించండి, విడివిడిగా చేయిస్తే పోల్చడానికి కుదరదు.

ఎలా చదవాలో ఉదాహరణకి మూడు పేజీలు ఊహించి రాస్తున్నా, ముగ్గురూ డిశ్చార్జ్ రోజు 64 కిలోలు, క్రియాటినిన్ 1.6, సోడియం 130 అనుకుందాం.

మొదటి మనిషి: వారానికి బరువు 62.5, క్రియాటినిన్ 1.7. మూడు వారాలకి 60, 1.4, సోడియం 133. ఆరు వారాలకి 58, 1.2, సోడియం 135. మధ్యలో 1.7 చూసి భయపడ్డా మొత్తం మీద దారి మంచిదే, కిడ్నీ కోలుకుంటోంది.

రెండో మనిషి: ఆరు రోజుల్లో బరువు 58కి పడింది, క్రియాటినిన్ 2.5, సోడియం 126, బీపీ పైది 88. పొట్ట అందరికంటే బాగా తగ్గింది ఈయనకే, కానీ ఇది ఎండిపోవడం. మూత్రం మాత్రలు, విరేచనాలు, జ్వరం ఈ మూడూ అడగాలి, అదే రోజు ఆసుపత్రికి.

మూడో మనిషి: రెండు వారాలకి బరువు 67, కాళ్ళు వాచాయి, క్రియాటినిన్ 1.9, పడుకుంటే ఆయాసం. ఇది గుండె తట్టుకోలేకపోవడమో, షంట్ మూసుకుపోవడమో. ఎకో, డాప్లర్ (షంట్‌లో రక్తం పారుతోందా అని చూసే స్కాన్) రెండూ కావాలి. ఇలాంటి వాళ్ళకి క్రియాటినిన్ పెరిగిందని సెలైన్ ఎక్కించేస్తే ఊపిరాడక ప్రాణం మీదకొస్తుంది, కాబట్టి దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్ళినా షంట్ ఉన్న సంగతి, బరువు పెరిగిన సంగతి ముందు చెప్పండి.

రెండో ఆయనకీ మూడో ఆయనకీ క్రియాటినిన్ పెరిగింది, కానీ వైద్యం పూర్తిగా వ్యతిరేకం. బరువు రాయకపోతే ఆ తేడా పట్టుకోవడం కష్టం, అందుకే అంతగా చెప్తున్నా.

కిడ్నీ నిజంగా ఉప్పు వదులుతోందా అని చూడటానికి ఒక చిన్న మూత్ర పరీక్ష ఉంది, ఒక్కసారి ఇచ్చిన మూత్రంలో సోడియం, పొటాషియం కొలుస్తారు. సోడియం అంకె పొటాషియం అంకె కంటే ఎక్కువుంటే ఉప్పు బాగానే పోతోందని అర్థం. అలా ఉన్నా పొట్ట తగ్గట్లేదంటే తిండిలో ఉప్పు ఎక్కడి నుంచో వస్తోంది, వెతకండి. నెలలు గడిచినా మూత్రంలో సోడియం తక్కువే ఉంటే షంట్ సంగతి, కిడ్నీ సంగతి మళ్ళీ చూడాలి.

ఇంకో మెలిక ఉంది. షంట్ బాగా పనిచేస్తే ఆకలి పెరిగి నాలుగైదు నెలలకి కండ పడుతుంది. బరువు కొంచెం పెరగొచ్చు, క్రియాటినిన్ 0.1 అలా పెరగొచ్చు, రెండూ మంచికే కావొచ్చు. పొట్ట చుట్టుకొలత బొడ్డు దగ్గర టేపుతో వారానికోసారి కొలిస్తే పెరిగింది నీరా కండా తేలిపోతుంది.

9. షంట్ తెరిచే ఉందా

డాప్లర్ స్కాన్ మరీ మొదటి రెండు మూడు రోజుల్లో చేస్తే కవర్డ్ స్టెంట్ గోడలో గాలి ఉండి సరిగా కనపడదు, అందుకే వారం దాటాక చేస్తారు, తర్వాత సాధారణంగా ఆరు నెలలకోసారి. లివర్ క్యాన్సర్ కోసం ఎలాగూ ఆరు నెలలకి స్కాన్ చేయించాలి, రెండూ కలిపి చేయించండి. తగ్గిన నీరు మళ్ళీ వస్తే తర్వాతి తేదీ దాకా ఆగొద్దు. కొంచెం మూసుకుంటే బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు, మత్తు ఏ మందుకీ లొంగకపోతే షంట్‌ని సన్నం చేయొచ్చు. అలా సన్నం చేశాక పొట్టలో నీరు తిరిగి రావొచ్చు, కిడ్నీ నంబర్లు మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి.

10. ఫోన్ కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి

రక్తపు వాంతి, నల్లటి తారు లాంటి విరేచనం, పిలిస్తే సరిగా పలకకపోవడం, పన్నెండు గంటలుగా మూత్రం దాదాపు లేకపోవడం, చలి జ్వరం, పడుకుంటే ఊపిరాడకపోవడం. నోట్‌బుక్, మందుల లిస్టు, డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకెళ్ళండి, స్టెంట్ ఏ తేదీన వేశారో అందులో ఉంటుంది.

ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో ఉన్నవాళ్ళకి

షంట్ తర్వాత క్రియాటినిన్ తగ్గితే మెల్డ్ స్కోర్ కూడా తగ్గుతుంది, స్కోర్ ప్రకారం నడిచే లిస్టులో మీ స్థానం వెనక్కి పోవొచ్చు. బాగున్నారు కదా అని చాలామంది ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ దగ్గరికి వెళ్ళడమే మానేస్తారు. షంట్ ప్రెషర్‌ని తగ్గించింది, లివర్‌ని కొత్తది చేయలేదు. మూడు నెలలకోసారి ఆ టీమ్‌కి కనపడండి, వెళ్ళేటప్పుడు ఒక్క చివరి రిపోర్టే కాకుండా షంట్ నాటి నుంచి రాసిన పేజీలన్నీ చూపించండి. బిలిరుబిన్ మెల్లగా పెరుగుతోందా, సోడియం నిలబడుతోందా, మత్తు ఎన్నిసార్లు వచ్చింది అనేవి స్కోర్‌లో పూర్తిగా కనపడవు, మీ నోట్‌బుక్‌లో కనపడతాయి.